పోచమ్మ సాక తాగిన ల్యాప్‌టాప్

కాశీకి పోయొచ్చినవాళ్లు రాస్తారు, కేదారానికి పోయొచ్చినవాళ్లు రాస్తారు. శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు పోయొచ్చి రాసినవాళ్లను మాత్రం నేనింతవరకు చూడలేదు. మామూలుగా అయితే పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చే దారి అది. మాకు, అంటే నాకూ మా అవ్వకూ, అటు తిరిగి ఇటు తిరిగి అల్వాల్‌లో తేలేసరికి శని, ఆది, సోమవారాలు మూడూ పట్టాయి. ఆ దారిలో మేం చూసినవీ తిన్నవీ పోగొట్టుకోబోయినవీ చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

దానికంటే ముందు ఒక సంతోషం పంచుకోవాలి, లేకపోతే చెయ్యి ముందుకు సాగదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. బాపు ద్రాక్షతోటలో కావలి ఉంటాడు. అమ్మ అదే తోటలో గుత్తులు కోస్తుంది. నేను కంప్యూటర్ల డిగ్రీ పాసై సికింద్రాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ట్రైనీగా చేరాను. చేరిన కొన్నాళ్లకే నా చేతికి ఒక ల్యాప్‌టాప్ ఇచ్చి, ఇంటికి తీసుకుపోయి పని చేసుకోమన్నారు! ఊళ్లో అప్పటికి సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ ల్యాప్‌టాప్‌ను ఎవరూ ముట్టుకోలేదు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకొని వస్తుంటే కండక్టరు కూడా నాకు సీటు ఖాళీ చేయించాడు.

సోమవారం పొద్దున ట్రైనీలందరం చేసిన పని చూపించాలి. పని నచ్చినవాళ్లను ఉంచుకుంటారు, మిగిలినవాళ్లు ఇంటికి పోతారు. నేను రాసిన ప్రోగ్రాం మొత్తం ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ఇంకోచోట కూడా దాచుకోవాలన్న తెలివి అప్పటికి నాకు రాలేదు.

బయల్దేరక ముందే

శనివారం పొద్దున మా అవ్వ నర్సవ్వ ల్యాప్‌టాప్ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

“గిదేనా నీ నౌకరి?”

“నౌకరి కాదవ్వా. నౌకరి చేసే సామాను.”

“మీ చిన్నాయిన ట్రాక్టర్ తెచ్చిననాడు పోచమ్మ దగ్గరికి తీస్కపోయినం. గా రాజిగాడు ఆటో తెచ్చిననాడు తీస్కపోయినం. దీన్ని తీస్కపోకుంటే తల్లి ఏమనుకుంటది?”

మా దిక్కు కాని పాఠకుల కోసం చెబుతున్నాను. చెంబెడు నీళ్లలో బెల్లమూ పసుపూ కలిపి, వేపమండ వేసి, అమ్మవారి ముందు ధారగా పోస్తారు. దాన్ని సాక అంటారు. కొత్త బండి ఏది వచ్చినా దాని ముందు చక్రాల మీద కూడా ఇంత పోస్తారు. సాక పడని బండి మా ఊళ్లో లేదు. అలాంటి బండి ఎక్కడానికి మా అవ్వ ఒప్పుకోదు కూడా.

ఊరి చివర పోచమ్మ గద్దె ముందు తువ్వాల పరిచి ల్యాప్‌టాప్ పెట్టాను.

“మొఖం తెరువు,” అంది అవ్వ.

“ఎందుకే?”

“మొఖం మూసుకున్నదానికి ఎట్ల సాక పోస్తరు?”

తెరిచాను. ముచ్చటగా ఉంటుందని ఆన్ కూడా చేశాను. నీలిరంగు తెర వెలిగింది. అవ్వ కొబ్బరికాయ కొట్టింది, వేపమండను మూడుసార్లు తిప్పింది, చెంబు ఎత్తింది. ట్రాక్టరుకైతే చక్రాలుంటాయి. దీనికి లేవు. ఎక్కడ పోయాలో తెలియక అవ్వ కాసేపు అటూ ఇటూ చూసింది. ఆఖరుకు అక్షరాల మీద పోసింది.

తెర రెండుసార్లు మిటకరించి నల్లబడింది. నేను కేక వేసి బటన్ నొక్కడానికి చెయ్యి చాపాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

“ముట్టకు. తల్లి తాగుతాంది.”

అవ్వ పట్టు మీకు తెలియదు. బర్రెను ఆపే పట్టు అది. ఆమె వదిలేసరికి నేను చున్నీతో పైన తుడవడం తప్ప ఇంకేం చేయడానికీ ధైర్యం లేనిదాన్నయ్యాను. అప్పుడు అవ్వ నా ముఖం చూసింది.

“ఏమాయెనే స్వరూపా?”

“ఏం కాలే. జెర నిద్రపోయింది. మేడ్చల్‌ల సూపిచ్చుకొస్త.”

“నేనొస్త.”

“ఎండల నీకెందుకవ్వా?”

“పోసింది నేను. నేను రాకుంటే ఎవలొస్తరు?” అని చెంబు గద్దె మీద బోర్లించింది. “గది లేచేదాంక చాయ్ ముట్ట. తల్లి మీద ఆన.”

మా అవ్వ పొద్దున లేస్తే చాయ్ పడందే కళ్లు తెరవదు. ఆ ఆనతో మా యాత్రకు ఇద్దరు రోగులు తయారయ్యారు.

శామీర్‌పేట

శనివారం శామీర్‌పేట ఎట్లుంటుందో చూడాలంటే చెరువు కట్ట మీద నిలబడాలి. సిటీ నుంచి కార్లలో వచ్చినవాళ్లు నీళ్లను చూస్తూ నిలబడతారు. మావాళ్లు ఆ కార్లను చూస్తూ నిలబడతారు. వేయించిన చేపల వాసన రోడ్డు దాకా వస్తుంది. “గీ నీళ్లల్ల ఏమున్నదని ఇంత దూరమొచ్చి సూస్తరే?” అని అవ్వ ప్రతిసారీ అడిగే మాటే అడిగింది. పక్కనే ఔటర్ రింగు రోడ్డు కోసం మట్టి తోడుతున్నారు. మా నెత్తుల మీద ఎర్రదుమ్ము పడింది. నేను ల్యాప్‌టాప్ సంచీని చున్నీతో కప్పాను. అవ్వ దాని మీద తన కొంగు కూడా కప్పింది.

బస్టాపు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే అన్న ఒకాయన కొట్టు తెరిచి కూర్చున్నాడు. సంచీ తెరిచి చూపించాను.

“ఏం పడ్డది చెల్లే?”

“నీళ్లన్నా,” అన్నాను.

అవ్వ నావైపు చూసింది. నేను చెరువు వైపు చూశాను. మా అవ్వ అమ్మవారి సాక పోసి నా నౌకరిని ఆర్పేసిందని ఒక కొత్తాయన ముందు ఎలా చెప్పను? ఆయన నవ్వుతాడు. ఆ నవ్వు అవ్వ మీద పడుతుంది.

“నీళ్లే గద! మస్తు ఎండ కొడ్తాంది. కొట్టు రేకుల మీద వెడ్త. పగటన్నం యాళ్లకు పాపడం లెక్క ఎండుతది.”

“నీ ఫోన్ నీళ్లల్ల పడ్డనాడు రేకుల మీద వెట్టినవా బిడ్డా?” అని అడిగింది అవ్వ.

“లేదవ్వా. నాది బావిల పడ్డది. ఇంక గా బావిలనే ఉన్నది.”

అవ్వ సంచీ నా చేతిలోంచి లాక్కొని జిప్పు వేసింది. వైద్యం తెలియకపోయినా మనిషి మాత్రం మంచివాడే. మేడ్చల్‌లో ఎరువుల కొట్టు మీది అంతస్తులో కంప్యూటర్లు విప్పే షాపు ఉందని చెప్పి, మాకు రెండు చాయ్‌లు తెప్పించాడు. చాయ్ అప్పుడు మూడు రూపాయలు. నేను తాగాను. అవ్వ తన గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి, అక్కడే ఉన్న ఆటో డ్రైవరుకు ఇచ్చేసింది. అందువల్ల ఆ డ్రైవరు మమ్మల్ని తన పక్కన ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. ఏడుగురి ఆటోలో అదే రాజుల సీటు.

దేవరయాంజాల్

తూంకుంట దాటి పడమటికి తిరిగాక దారంతా ద్రాక్షతోటలు ఉండాలి. నా చిన్నప్పుడు ఉండేవి. ఇప్పుడు సగం తోటల్లో పందిరి రాళ్లు మాత్రమే నిలబడి, వాటి మధ్య రంగురంగుల జెండాలు ఎగురుతున్నాయి. “జాతరా?” అని అడిగింది అవ్వ. “ప్లాట్లు అవ్వా,” అన్నాడు డ్రైవరు. “నీకేమన్న భూమున్నదా?” “నాకు గీ పిల్లున్నది,” అంది అవ్వ.

దేవరయాంజాల్ ఊరి బయట ఆటో పంక్చరయింది. స్టెప్నీ మీద అప్పటికే ముగ్గురు కూర్చొని వచ్చారు కాబట్టి దాన్ని తీయడానికి ముందు వాళ్లు దిగాలి, దిగినవాళ్లు తమ మూటలు దించాలి. అంతసేపు ఎండలో ఎందుకని నేనూ అవ్వా సీతారామస్వామి గుడికి నడిచాం. పాత గుడి, చల్లటి రాతి మండపం. పూజారి దొన్నెల్లో పులిహోర పెట్టారు.

ఆటోలో మాతోపాటు వెనక కూర్చున్న ఒకావిడ కూడా మండపంలోకి వచ్చారు. చేతిలో పూలబుట్ట, కళ్లద్దాలు. ఆవిడే పద్మావతిగారు. ఊరు భీమవరం దగ్గర, కాపురం గుండ్లపోచంపల్లి కొత్త కాలనీలో. ప్రతి శనివారం ఈ గుడికి వస్తారట. ఆ రోజు తూంకుంటలో పని చూసుకొని, దర్శనానికి ఇలా మా ఆటోలో పంక్చరుతో వచ్చారు.

“ఇందాకట్నుంచీ చూస్తున్నాను. ఆ సంచీ పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నావ్. ఏముందమ్మా అందులో?”

చెప్పాను. నీళ్లు పడ్డాయని.

“అయ్యో! బ్యాటరీ తీశావా?”

“లేదండీ.”

“తిరగేసి పెట్టావా?”

“లేదండీ.”

“డిగ్రీ ఏం చదివావు?”

“కంప్యూటర్లండీ,” అన్నాను, చిన్న గొంతుతో.

ఆవిడ నవ్వలేదు. “నేను బీయే. కానీ మావారి ల్యాప్‌టాప్ మీద కాఫీ ఒలకబోసిన అనుభవం ఉంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో కాఫీ ఒక గదిలో, ఆయన ఇంకో గదిలో,” అని పూలబుట్ట పక్కన పెట్టి, సంచీ విప్పి, కింద రెండు గొళ్లాలు జరిపి బ్యాటరీ తీశారు. ల్యాప్‌టాప్‌ను తెరిచి, చదువుతూ చదువుతూ బోర్లించిన పుస్తకంలా రాతి మీద నిలబెట్టారు. అంచు నుంచి పసుపు రంగు చుక్క ఒకటి రాలి బండ మీద పడింది. పూజ జరిగే చోట పసుపు చుక్క ఎవరికి కనిపిస్తుంది? అవ్వకు కనిపించింది. మెల్లగా కాలు జరిపి దాన్ని తుడిచేసింది.

“బాయిల పడ్డ పోరన్ని గిట్లనే బోర్ల పండవెట్టి నీళ్లు కక్కిపిస్తరు,” అంది. “లేస్తది. గట్ల పండవెట్టినోళ్లు మస్తు మంది లేసిన్రు.”

గుండ్లపోచంపల్లి: ‘మీరు’ ఎవరు?

కాఫీ ఒలికినప్పుడు ల్యాప్‌టాప్ విప్పించింది కూడా ఆ మేడ్చల్ షాపులోనేనట, పద్మావతిగారు అక్కడికి ఫోన్ చేశారు. ఆ షాపాయన పెళ్లికి పోయాడు, ఆదివారం పొద్దున వస్తాడు. “అంతవరకూ అది బోర్లా ఉండాల్సిందే. ఆటోలో కుదిపి మళ్లీ మీ ఊరు ఎందుకు తీసుకెళతారు? మా ఇంట్లో ఉండండి. మావారు డ్యూటీ మీద విశాఖపట్నం వెళ్లారు. నాకూ తోడుగా ఉంటుంది.” ముక్కూ ముఖం తెలియనివాళ్లను ఇలా పిలిచేవాళ్లు ఉంటారని నాకు ఆ రోజే తెలిసింది. బాపుకు ఎస్‌టీడీ బూత్ నుంచి కబురు చెప్పాను.

ఆ కాలనీ ఎంత కొత్తదంటే, వీధుల పేర్లు రాసిన రంగు ఇంకా వేలికి అంటుతోంది. ఒక వరుస ఇళ్లు, తర్వాత గోదాం, తర్వాత జొన్నచేను, మళ్లీ ఇళ్లు.

ఇంట్లో అడుగుపెట్టగానే ఆవిడ మంచినీళ్లు తెచ్చి, “మీరు కూర్చోండి మామ్మగారూ,” అన్నారు. అవ్వ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

“ఎవలనే అంటాంది?” నా చెవిలో అడిగింది.

“నిన్నేనవ్వా.”

“నేనొక్కదాన్నే గదనే?”

మా దిక్కు అవ్వను ‘నువ్వు’ అనే పిలుస్తాం. అది అమర్యాద కాదు, దగ్గరితనం. వాళ్ల దిక్కు పెద్దవాళ్లను ‘మీరు’ అంటారు. అదీ దూరం కాదు. భోజనానికి కూర్చునేసరికి అవ్వ ఆ పిలుపుకు అలవాటు పడింది. “మామ్మగారికి ఇంకొంచెం నెయ్యి,” అంటే చెయ్యి అడ్డం పెట్టలేదు.

ముద్దపప్పు, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు. అవ్వ పచ్చడి నాలుక మీద వేసుకొని ఆగింది.

“ఇది పుంటికూర.”

“గోంగూర మామ్మగారూ.”

“పుంటికూరనే బిడ్డా. మా పెరట్ల ఉంటది.”

“మా ఊళ్లో పొలం గట్టు మీద ఉంటుందండీ. గోంగూరే.”

ఒకరు ఆకు తెచ్చి చూపించారు, ఒకరు కాడ విరిచి చూపించారు. ఇద్దరిదీ ఒకటే ఆకు అని తేలాక, దాంట్లో వెల్లుల్లి ముందు వేయాలా తర్వాత వేయాలా అన్న కొత్త తగాదా మొదలైంది. అది ఇప్పటికీ తేలలేదు.

ల్యాప్‌టాప్‌ను పక్క గదిలో ఫ్యాను కింద బోర్లించి పెట్టాం. సాయంత్రం కరెంటు పోయింది. ఎక్కడున్నావవ్వా అని వెతికితే, ఆ గదిలో గోడకు ఆనుకొని కూర్చొని దానికి విసనకర్రతో విసురుతోంది. చెమటతో అవ్వ రవికె తడిసిపోయింది. ల్యాప్‌టాప్ మాత్రం హాయిగా ఉంది.

“నీకు విసురుకోవే.”

“నాకేమైతది. నేనేమన్న సోమారం నౌకరికి పోవాల్నా?” కొంచెంసేపు విసిరాక, నన్ను చూడకుండానే అడిగింది. “నీళ్లని ఎందుకు సెప్తున్నవే అందరికి?”

“నీళ్లేగదవ్వా అవి.”

“ఊఁ,” అంది అవ్వ. ఆ ఊఁ నాకు నచ్చలేదు.

ఇంతలో పద్మావతిగారు ఇత్తడి గ్లాసుల్లో కాఫీ తెచ్చారు. అవ్వ ఆన గుర్తొచ్చి వద్దని చెప్పబోయాను. అవ్వ నా కంటే ముందే గ్లాసు అందుకుంది.

“చాయ్ ముట్టనన్న. కాఫీ ముట్టనన్ననా?”

మేడ్చల్: ఏ శాఖ?

ఆదివారం పొద్దున పద్మావతిగారు మమ్మల్ని హైవే మీద బస్సెక్కించి, దారిలో తినమని అరటికాయ బజ్జీలు కట్టిచ్చారు. మేడ్చల్ నాకు చాలా ఇష్టమైన ఊరు. ఒక దిక్కు నాగపూర్ లారీలు భూమి అదిరేలా పోతుంటాయి. ఇంకో దిక్కు రైల్వే స్టేషన్‌లో, ఎప్పుడొస్తుందో తెలియని ప్యాసింజర్ బండి కోసం మనుషులు పేపరు పరుచుకొని పడుకుంటారు. ఒకే ఊళ్లో అంత తొందర, అంత నిమ్మళం. రోడ్డు పక్క గంపల్లో నల్లద్రాక్ష అమ్ముతున్నారు. అవ్వ ఒక పండు నోట్లో వేసుకొని, “మనదే,” అని తీర్పు చెప్పి, బేరం చేయకుండా ముందుకు నడిచింది. మన పండు మనం కొంటామా!

ఎరువుల కొట్టు పక్క నుంచి ఇరుకు మెట్లు. పైన షాపాయన పేరు శ్రీనివాస్. తెనాలి మనిషి. పెళ్లి భోజనం నుంచి ఇంకా తేరుకోలేదు గానీ మాటకు మాత్రం కొదవ లేదు. తన చేతిలో ఎన్ని కంప్యూటర్లకు ప్రాణం వచ్చిందో మేం కూర్చోకముందే సగం చెప్పేశాడు.

“పద్మావతిగారు ఫోన్లో చెప్పారు. నీళ్లేగా?”

“నీళ్లేనండీ,” అన్నాను.

“మంచినీళ్లేనా?”

“అవునండీ.”

“అయితే అదృష్టవంతులు! నిన్నటి నుంచి బోర్లా ఆరింది. విప్పక్కర్లేదు. ఆన్ చేసి చూసుకొని వెళ్లిపోవచ్చు.” బ్యాటరీ తగిలించాడు. ఎడమ చేత్తో మూత పట్టుకొని, కుడి చూపుడు వేలు బటన్ మీదికి తెచ్చాడు.

అవ్వ లేచి ఆయన మణికట్టు పట్టుకుంది. బర్రెను ఆపే పట్టు.

“ఆగు బిడ్డా. నీళ్లు గాదు. సాక.”

ఆయన నా వైపు చూశాడు, మళ్లీ అవ్వ వైపు చూశాడు.

“శాఖా? ఏ శాఖ అమ్మా? విద్యుత్ శాఖా?”

“పోచమ్మది.”

“పోచమ్మ శాఖా?” ఆయన గొంతు తగ్గింది. “అంటే, ఇది గవర్నమెంటు ల్యాప్‌టాపా?”

నవ్వాపుకోవడం నా వల్ల కాలేదు. ఏడుపు కూడా దాంతోనే వచ్చింది. అవ్వ మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. ఆయన చెయ్యి వదలకుండానే నిదానంగా చెప్పింది.

“పిల్ల నన్నెవలేమన్న అంటరని నీళ్లని సెప్తాంది. నీళ్లు నేను కలపకముందు. కలిపినంక సాక. దాంట్ల బెల్లమున్నది, చెంబెడు నీళ్లకు పిడికెడు. పసుపున్నది. యాపాకున్నది. తల్లికి పోసినట్టే దీనికి పోసిన. నేనే పోసిన.”

శ్రీనివాస్ వేలు వెనక్కి తీసుకున్నాడు. బ్యాటరీ కూడా ఊడదీశాడు.

“బెల్లమా?” అన్నాడు. “అమ్మా, ముందే చెప్పాల్సింది కదా. నీళ్లయితే ఆరిపోతాయి. బెల్లం ఆరితే పాకమవుతుంది. లోపల ఆ పాకం పట్టి ఉండగా నేను కరెంటు ఇచ్చి ఉంటే...” మిగతాది చెప్పకుండా స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

కీబోర్డు పైకెత్తినప్పుడు మేం ముగ్గురం దాని మీదికి వంగాం. అడుగున పసుపు జిగట, అక్కడక్కడ అరిసె పాకంలా మెరుస్తోంది. ఒక మూలన చిన్న వేపాకు, ఎవరో ప్రేమగా దాచిపెట్టినట్టు ఉంది. ఆయన దాన్ని చిన్న పట్టకారుతో తీసి కాగితం మీద పెడితే, అవ్వ తీసుకొని కళ్లకద్దుకుంది. ఆయన చిన్న బ్రష్షును స్పిరిట్‌లో ముంచి తుడుస్తూ పోయాడు. పని చేస్తున్నంతసేపూ నోరు మూసుకోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారని నా అనుమానం. మధ్యలో ఒక్కసారి తలెత్తి, “మా అమ్మ నా స్కూటరు కింద నిమ్మకాయలు పెట్టింది. తొక్కించాను కాబట్టి సరిపోయింది,” అన్నాడు.

చివరికి ఎస్ అక్షరం కింద పసుపు మరక ఒకటి మిగిలిపోయింది. ఎంత తుడిచినా పోలేదు.

“పోకుంటేనే మంచిది,” అంది అవ్వ.

“రేపు పొద్దున దాకా ఆన్ చెయ్యొద్దు. లోపల తడి మొత్తం ఆరాలి,” అన్నాడు. “బతుకుతుందా?” అని అడిగాను. “నా పని నేను చేశాను. మిగతాది...” అని అవ్వ వైపు చూసి, “ఆ శాఖ వాళ్లు చూసుకోవాలి,” అన్నాడు.

తిరుగు బస్సులో అవ్వ చాలాసేపు కిటికీలోంచి చూసింది. మేడ్చల్ వెనకపడిపోయాక నా వైపు తిరిగింది.

“నన్ను ఒక మాట అననియ్యకుండ కాపాడిన్నని అనుకుంటున్నవ్.”

“గట్ల కాదవ్వా...”

“గా కాపాడుడే దాన్ని సంపుతుండె.” నా నెత్తి మీద ఒకటి మొట్టింది. గట్టిగానే మొట్టింది. “ఇంగోపారి నన్ను కాపాడకు. నేను పోసింది నేనే సెప్పుకుంట. నాకేమన్న సిగ్గా?” తర్వాత, “బజ్జీలున్నయా ఇంకా?” అని అడిగింది.

అల్వాల్: ఇడ్లీల నడుమ

సోమవారం పొద్దున సికింద్రాబాద్ బస్సెక్కితే అవ్వ కూడా ఎక్కింది. ఎందుకని అడిగితే, “టికెట్ తీసుకో,” అంది. హకీంపేట దాటింది, బొల్లారం దాటింది. అల్వాల్ రాగానే లేచి నిలబడి, “దిగు,” అంది.

“ఆఫీసుకు లేటైతది అవ్వా!”

“గీడనే సూడు. ఆఫీసుల అది లేవకుంటే నువ్వొక్కదానివే ఉంటవ్. గీడైతే నేనున్న.”

దిగాను. ఆ మాట తర్వాత దిగకుండా ఎట్లా ఉంటాను?

అల్వాల్ ఇంకా పూర్తిగా మేలుకోలేదు. పాల ప్యాకెట్ల సైకిళ్లు, బడి బట్టల్లో పిల్లలు, లోకల్ రైలు కోసం ఉరికే ఉద్యోగస్తులు. మూల మీద చిన్న టిఫిన్ హోటల్. ప్లేటు ఇడ్లీ చెప్పి, బల్లను నా చున్నీతో రెండుసార్లు తుడిచి ల్యాప్‌టాప్ పెట్టాను. అవ్వ బల్ల మీదున్న నీళ్ల జగ్గును తీసి పక్క బల్ల మీద పెట్టింది. సాంబారు గిన్నె తీసి అక్కడే పెట్టింది. పక్క బల్లాయన, “ఏందవ్వా, అన్నీ నాకేనా?” అన్నాడు. “నీకే బిడ్డా, తిను,” అంది అవ్వ, అటు చూడకుండానే.

బ్యాటరీ పెట్టాను. బటన్ మీద వేలు ఆనించాను. అవ్వ తన వేలు నా వేలి మీద పెట్టింది. ఇద్దరం కలిసి నొక్కాం.

ఏమీ లేదు.

తర్వాత లోపల ఎక్కడో ఫ్యాను ఊపిరి తీసుకున్న చప్పుడు. తెర మెల్లగా బూడిదరంగయింది, తర్వాత నీలిరంగయింది. నా పేరు అడిగింది. స్వరూపకు మొదటి అక్షరం ఎస్. నొక్కితే పడలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కాను. పడింది. కొంచెం అతుక్కొని, ఆలోచించి, పైకొచ్చింది. నా ప్రోగ్రాం ఉన్నచోటే ఉంది. ఒక్క వరుస కూడా పోలేదు!

నేను బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. హోటల్ మొత్తం మా వైపు తిరిగింది. “పిల్ల పాసయిందా?” అని గల్లాపెట్టె దగ్గరి ఆయన అడిగాడు. “పిల్ల ఎప్పుడో పాసయింది,” అంది అవ్వ. “గిది ఇప్పుడు పాసయింది. ఒక చాయ్ తేయి నాయినా. చక్కెర ఎక్కువెయ్యి.”

గ్లాసు వచ్చింది. అవ్వ దాన్ని పట్టుకొని లేచి, గడప దాటి, రోడ్డు అంచున నిలబడి తాగింది. లోపల తాగొచ్చు కదా అంటే, “నీ సామాను పక్కపొంటి నేను ఇంక నీళ్లు గూడ తాగ,” అంది. ఆఖరు గుక్క మింగాక, “గా కాఫీ మస్తు చేదున్నదే. పద్మావతికి సెప్పకు,” అంది.

తిరిగొచ్చాక

ఆఫీసులో నా వంతు వచ్చింది. మా టీమ్ లీడరుగారు నా ల్యాప్‌టాప్ ముందుకు వంగారు. పని మొత్తం చూశారు, రెండు చోట్ల తప్పులు చెప్పారు, ఒకచోట ‘బాగుంది’ అన్నారు. మార్పు చేయడానికి తనే ఎస్ నొక్కారు. అది అతుక్కుంది.

“ఏంటిది, పసుపుగా? వాసన కూడా వస్తోంది.”

నీళ్లు అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. నెత్తి మీద మొట్టికాయ గుర్తొచ్చింది.

“సాక సార్.”

నేను ‘ఏ శాఖ’ కోసం ఎదురుచూశాను. ఆయన కళ్లద్దాలు తీశారు. ఆయనది వరంగల్ దిక్కు అని అప్పటిదాకా నాకు తెలియదు. ఆఫీసులో అందరితో పుస్తకంలా మాట్లాడే మనిషి.

“ఏ తల్లికి?” అన్నారు.

“పోచమ్మకు సార్. మా అవ్వ పోసింది. దీనికి చక్రాలు లేవని అక్షరాల మీద పోసింది.”

ఆయన బల్ల మీది తన చాయ్ కప్పును తీసి దూరంగా పెట్టారు. “అయితే చాయ్ దగ్గర పెట్టొద్దు. తల్లి సాక తాగినంక ఇంగోటి తాగదు,” అని, నవ్వు దాచుకోవడానికి తెర వైపు తిరిగారు.

నన్ను ఉంచుకున్నారు! ఈ మాట మొదట్లోనే రాసేద్దామనుకొని ఇంతదూరం ఎట్లా దాచుకున్నానో నాకే తెలియదు.

ఆ సాయంత్రం ఇంటికి ఉరికి అవ్వకు అంతా చెప్పాను. బాపు ద్రాక్షపండ్లు పంచాడు. మన తోటవే. అవ్వ అన్నీ విని, ఒకే ఒక్క సంగతి అడిగింది.

“గా వరంగల్ సారుకు గూడ ఉన్నదా గసొంటి సామాను?”

“ఉన్నదవ్వా.”

“దానికి సాక పోసిన్రా?”

“లేదనుకుంట.”

అవ్వ గద్దె మీద నుంచి తెచ్చుకున్న చెంబును చింతపండుతో తోముతోంది. తోముతూనే అంది.

“ఆదివారం తీస్కరమ్మను. కాకుంటే మొఖం తెరవొద్దని సెప్పు. మూసుకున్నా తల్లికి ఎర్కైతది.”